ఏమి చేయాలో తోచనప్పుడు: కష్టకాలంలో దేవుని నడిపింపును వెదకడానికి సమగ్ర మార్గదర్శి

మోయాబీయులు, అమ్మోనీయులు కలిసి దండెత్తి వచ్చినప్పుడు యూదా రాజైన యెహోషాపాతు చేసిన ప్రార్థన రెండవ దినవృత్తాంతముల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. ఆ ప్రార్థన ఈ మాటలతో ముగుస్తుంది: “ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు.” మూలభాషలో ఆ చివరి మాటకు ‘మా కన్నులు నీ వైపే ఉన్నాయి’ అని అర్థం. దాన్ని మన అనువాదకులు ‘దిక్కు’ అనే అచ్చమైన తెలుగు నుడిలోకి తెచ్చారు. తెలుగులో దిక్కు అంటే వెళ్లవలసిన వైపు, దిక్కు అంటే ఆదుకొనేవాడు కూడా. కష్టంలో ఉన్న మనిషి మొదటి అర్థంలో దిక్కు అడుగుతాడు. ఎటు పోవాలి, భూమి అమ్మాలా, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా, కువైట్ ఏజెంటుకు డబ్బు కట్టాలా అని అడుగుతాడు. దేవుడు మాత్రం ముందు రెండో అర్థంలో దిక్కవుతాడు, ఆ తరువాతే దారి చూపుతాడు. ఈ వరుసను తారుమారు చేసి, ఆదుకొనేవాణ్ణి విడిచి దారిని మాత్రమే వెదికినవారు ఎంతగా దెబ్బతింటారో నేను మా ఇంట్లోనే చూశాను. అందుకే ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపు పల్లెలో పెరిగినవాణ్ణి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల అది. ఈ అడుగులను మా వైపు జీవితంలోంచి ఎత్తుకున్న ఉదాహరణలతోనే వివరిస్తాను.

మొదటి అడుగు: ముందు అన్నం తిని, నిద్రపోండి

ఇది ఆత్మీయమైన సలహాలా కనిపించకపోవచ్చు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివితే దీని విలువ తెలుస్తుంది. తనను చంపిస్తానన్న రాణి యెజెబెలుకు భయపడి పారిపోయిన ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. ఆ స్థితిలో దేవుడు ఆయనకు ఏ ఉపదేశమూ చేయలేదు, ముందున్న కార్యక్రమం ఏమిటో కూడా చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత తట్టి లేపించాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ, మిక్కిలి నిమ్మళమైన స్వరం, హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించమన్న ఆజ్ఞ, ఇవన్నీ నలభై దినాల ప్రయాణం తరువాతి సంగతులు.

కాబట్టి చెడు వార్త విన్న రాత్రి ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోవద్దు. రెండు పూటలు తిని, ఒక రాత్రి నిద్రపోయి, ఆ తరువాత ఆలోచించండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలో ఈ మాట వర్తించదు. గుండెనొప్పి, ప్రమాదం, పురుగుల మందు తాగడం వంటివి జరిగినప్పుడు దేవుని చిత్తమేమిటని అడుగుతూ కూర్చోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. వైద్యుని దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమని చెప్పేవారి మాట వినవద్దు. మన ప్రాంతానికి సువార్త తెచ్చిన మిషనరీలే జమ్మలమడుగులో కాంబెల్ ఆస్పత్రి కట్టారు. వారికి ప్రార్థనకూ మందుకూ మధ్య వైరం కనిపించలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏలీయాలాగా చావే మేలనిపించినా, మీ పాస్టరు గారితో చెప్పుకోవడంతో పాటు ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు కూడా ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

రెండవ అడుగు: సర్దిచెప్పుకోకుండా మొరపెట్టండి

కష్టం వచ్చిన ఇంటికి పరామర్శకు వచ్చినవారు ‘అంతా మన మేలుకే’ అని అంటారు. మంచి మనసుతోనే అంటారు, కాని ఆ మాట చాలాసార్లు మొరను గొంతులోనే నొక్కేస్తుంది. నూట యాభై కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. దేవుడు తన ప్రజల ప్రార్థన పుస్తకంలో వాటికి అంత చోటు ఇచ్చినప్పుడు వాటిని మనం మింగివేయనక్కరలేదు. మన సీమ సంఘాలకు ఏడుపు కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టిన నాటి నుంచి, 1876–78 నాటి ధాత కరువు మీదుగా, ఇక్కడి విశ్వాసులు మొరపెడుతూనే నిలబడ్డారు.

మొర ఎలా పెట్టాలో తెలియకపోతే 13వ కీర్తనను పట్టుకోండి. అందులో ఆరే వచనాలు ఉన్నాయి. మొదటి రెండు వచనాలు నిలదీస్తాయి: “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” తరువాతి రెండూ అడుగుతాయి: నన్ను చూడు, ఉత్తరమియ్యి, నా కన్నులకు వెలుగియ్యి. చివరి రెండూ ఆయన కృపను ఆనుకుంటాయి. ఒక నోటు పుస్తకం తెచ్చుకుని, ఈ మూడు మలుపుల్లోనే మీ సొంత మాటలతో ఒక పేజీ రాయండి. నిలదీసే భాగంలో మర్యాద కోసం అసలు సంగతిని దాచవద్దు. ‘ప్రభువా, కొన్ని సమస్యలు ఉన్నాయి’ అని కాకుండా, ‘నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షలు ఉన్నాయి, శనివారం ఆయన మళ్లీ ఇంటికి వస్తాడు, బిడ్డల ముందు అరుస్తాడు’ అని రాయండి.

మా జేజికి, అంటే నాన్నమ్మకు, చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక నా చేత ఒక కీర్తన చదివించుకొనేది. చిన్నవాణ్ణి కాబట్టి నేను గబగబా చదివేసి పుస్తకం మూయబోతే, నా మణికట్టు పట్టుకుని “ఇంగోసారి సదువు నాయనా, నిదానంగా” అనేది. రెండోసారి చదివేటప్పుడు ఆమె పెదవులు నాతో పాటు కదిలేవి. మా చిన్నాయన చనిపోయిన ఏడాది ఆమె వరుసగా ఎన్నో రాత్రులు 88వ కీర్తననే అడిగింది. ఆ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు వచనం ఒక్కటీ చివర రాదు. అయినా అది బైబిల్లో ఉంది. మూడో మలుపు మీ కలానికి అందని రాత్రి ఆ కీర్తననే చదువుకుని పడుకోండి. ఆ రాత్రికి ప్రార్థన అదే అవుతుంది.

మూడవ అడుగు: ప్రశ్నను చిన్నది చేయండి

నా అనుభవంలో చాలామంది జారిపోయే చోటు ఇదే. ‘మా కష్టాలు ఎప్పుడు తీరతాయి?’ అన్నది మొరగా సరైనదే, నడిపింపు కోరే ప్రశ్నగా మాత్రం పనికిరాదు. దావీదు అడిగిన తీరు చూడండి. కెయీలాలో ఉన్నప్పుడు ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: నన్ను చంపాలని వెదకుతున్న రాజు సౌలు ఇక్కడికి దిగి వస్తాడా, వస్తే ఈ ఊరివారు నన్ను అతని చేతికి అప్పగిస్తారా? రెండింటికీ అవునని జవాబు వచ్చింది. ఆయన, ఆయనతో ఉన్న ఆరు వందల మంది ఆ ఊరు విడిచి వెళ్లారు. తాను ఎప్పుడు రాజవుతానో ఆ రోజు దావీదు అడగలేదు. సిక్లగులో ఇళ్లు కాలిపోయి, భార్యాబిడ్డలు చెరపట్టబడిన రోజున కూడా, ఏడవడానికి ఓపిక లేనంతగా ఏడ్చి, దేవుణ్ణి బట్టి ధైర్యం తెచ్చుకుని, ఆ తరువాత అడిగింది ఆ దోపిడీ దండును తరిమితే కలుసుకుంటానా అనే ఒక్క సంగతే.

అదే నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు మీ ప్రశ్నను ఒకే వాక్యంలో, తేదీతో రాయండి. రాయచోటి, రాజంపేట వైపు ఎన్నో ఇళ్లలో వచ్చే ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుందాం. ‘గల్ఫ్‌కు పోతే బాగుపడతామా?’ అని కాకుండా, ‘ఈ నెల 20లోగా ఈ ఏజెంటుకు అడ్వాన్సు కట్టాలా, వద్దా?’ అని రాయాలి. అలా రాసేసరికి చేయవలసిన పనులు వాటంతటవే బయటపడతాయి. ఆ ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా, జీతం ఎంతో కాగితం మీద ఉందా, భార్య ఒప్పుకుందా, చిన్న బిడ్డలను ఎవరు చూస్తారు అన్నవి తెలుసుకోవడం కూడా ప్రార్థనలో భాగమే. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే.

ఇప్పటికే ఆజ్ఞ ఉన్న విషయాల మీద కొత్తగా నడిపింపు అడగవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. అబద్ధపు కాగితం పెట్టవచ్చా, కట్నం అడగవచ్చా, తల్లిదండ్రులను వదిలేయవచ్చా అన్నవాటికి జవాబు ఎప్పుడో ఇచ్చి ఉంది.

నాలుగవ అడుగు: వాక్యాన్ని వరుసగా చదవండి, వేలు పెట్టి తీయవద్దు

మా వైపు బోరు వేయించే ముందు నీళ్లు చూసే మనిషిని పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు, అది నిట్టనిలువుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెడతారు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే దేవుని జవాబనుకోవడం కూడా ఇలాంటిదే. అలా చేసే వారి ఆత్రం నాకు అర్థమవుతుంది, నేనూ చేశాను. కాని అది దేవుని మాట వినడం కాదు. మన మనసులో ముందే ఉన్న కోరికకు ఒక వచనాన్ని సాక్ష్యంగా తెచ్చుకోవడం మాత్రమే.

కొత్త సంవత్సరపు ఆరాధనలో తీసుకొనే వాగ్దాన కార్డు ధైర్యం ఇస్తుంది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ వచనం ఉన్న అధ్యాయమంతా చదవండి. మన ఇళ్లలో గోడలకు ఎక్కువగా కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. అందులోని ‘సమాధానకరమైన ఉద్దేశములు’ బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోని మాటలు. దానికి ముందు వచనంలోనే డెబ్బది సంవత్సరాలు అని ఉంది. ఇంకా పైన, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరగా పోయిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. ఆ కార్డును పట్టుకుని మూడు నెలల్లో అప్పు తీరుతుందని ఎదురుచూసిన మనిషి, అధ్యాయమంతా చదివితే, తానున్న చోటనే ఒక తోట నాటే ఓపిక తెచ్చుకోగలడు.

పద్నాలుగు రోజుల క్రమం ఒకటి చెబుతాను. ఉదయం ఒక కీర్తన. సాయంత్రం మొదటి నాలుగు రోజులు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, ఆ తరువాత అయిదు రోజులు యాకోబు పత్రిక, రోజుకు ఒక్కో అధ్యాయం. మిగిలిన అయిదు రోజులు మార్కు సువార్తలో చివరి అయిదు అధ్యాయాలైన 12 నుంచి 16 వరకు. ప్రతి రోజూ మిమ్మల్ని ఆపిన ఒక్క వచనాన్ని నోటు పుస్తకంలో ఎక్కించండి, వ్యాఖ్యానం అక్కరలేదు. రెండు వారాల తరువాత ఆ పద్నాలుగు వచనాలనూ కలిపి చదివితే, దేవుడు మీతో ఏ సంగతి మీద మాట్లాడుతున్నాడో చాలావరకు తెలుస్తుంది. అది మీరు అడిగిన సంగతి కాకపోవచ్చు కూడా.

“నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది” అన్న మాట నాకు మా నాన్న వెనక నడిచిన రాత్రుల్లో అర్థమైంది. మోటార్లకు రాత్రిపూటే కరెంటు ఇచ్చే రోజులవి. ఒంటిగంటకు లేచి గట్టు మీద చేనికి పోయేవాళ్లం. నాన్న చేతిలో బ్యాటరీ లైటు ఉండేది. పాముల భయం వల్ల దాన్ని దూరానికి కాక కాళ్ల ముందుకే వేసేవాడు. రెండు బారల మేర తప్ప ఏమీ కనిపించేది కాదు, మోటారు రూము అసలే కనిపించేది కాదు. అలాగే నడిచి ప్రతి రాత్రీ చేరేవాళ్లం.

అయిదవ అడుగు: అడిగిన తరువాత ఊరక ఉండండి

ప్రార్థనలో మన మాటలు అయిపోయిన వెంటనే లేచిపోకుండా, పది నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఆలోచనలు చెదిరితే గెత్సేమనేలో ప్రభువు చేసిన ప్రార్థనను మెల్లగా అనుకోండి: “నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక.” ఉపవాసం ఉండదలిస్తే ఉండవచ్చు. షుగరు ఉన్నవారు, గర్భిణులు, మందులు వాడుతున్నవారు భోజనం మానకుండా ఫోనును పక్కన పెట్టి ఉపవాసం చేయవచ్చు.

ఆరవ అడుగు: మనుషుల దగ్గరికి వెళ్లండి, ఎవరి దగ్గరికో చూసుకుని వెళ్లండి

2002 కరువులో మా చీనీ (బత్తాయి) తోట ఎండిపోతూ ఉంది. అప్పటికి మూడు బోర్లు వేసి ఉన్నాం, మూడూ ఒట్టిపోయాయి. ఆ రోజుల్లో మా ఊరి కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు మా ఇంట్లో భోజనం చేసి, నాన్న తల మీద చేయి పెట్టి, నాలుగో బోరులో నీళ్లు పడతాయని ప్రభువు తనకు చూపించాడని చెప్పాడు. అమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు పోయింది. బోరు బండి రాత్రంతా తిరిగింది. తెల్లవారేసరికి ఆరు వందల అడుగులు దిగింది, గొట్టం నోట్లోంచి తెల్లటి బండపొడి తప్ప తడి రాలేదు. ఆ పొడి అమ్మ తల మీద, కనురెప్పల మీద పడి ఉండగా ఆమె కదలకుండా నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ తరువాత కొన్ని నెలలు నాన్న గుడికి రాలేదు. నీళ్లు పడనందుకు కాదు. దేవుడే తనను మోసం చేశాడని అనుకున్నాడు.

మమ్మల్ని నిలబెట్టినవాడు సంఘపెద్దల్లో ఒకాయన, రిటైరైన బడిపంతులు. ఆయన ఒక సాయంత్రం వచ్చి చింతచెట్టు కింద మంచం మీద కూర్చుని, ‘అన్నా, అప్పుల లెక్క చెప్పు, రాస్తాను’ అన్నాడు. దీపాలు పెట్టే వేళ వరకు రాశాడు. ఎవరికి ముందు కట్టాలో, ఎవరిని గడువు అడగాలో, తోట వదులుకుని గొర్రెలు తెచ్చుకుంటే ఏడాదికి ఏం మిగులుతుందో లెక్క వేశాడు. చివర్లో ప్రార్థన చేశాడు, నాలుగు మాటలే. ఆ కాగితమే మాకు వచ్చిన నడిపింపు.

అందుకే ముగ్గురిని ఎంచుకోమని చెబుతాను. ఒకరు ప్రార్థించేవారు, మీ నిర్ణయం వల్ల లాభపడనివారు. ఒకరు ఆ విషయం తెలిసినవారు: జబ్బయితే వైద్యుడు, భూమి తగాదా అయితే న్యాయవాది. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మూడోవారు మీకు కాదని చెప్పగల ధైర్యం ఉన్నవారు. చాలా ఇళ్లలో ఆ మూడోవారు భార్యే, ఆమెను అడగడమే మరచిపోతారు.

ఎవరైనా ‘ప్రభువు నాకు చూపించాడు’ అంటే వారిని గేలి చేయవద్దు, గుడ్డిగా నమ్మనూ వద్దు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దన్న పౌలే, వెనువెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. మాసిదోనియకు వచ్చి సహాయం చేయమని ఒక మనిషి వేడుకున్న దర్శనం కూడా చూసినవాడు పౌలు ఒక్కడే అయినా, అపొస్తలుల కార్యములు 16:10లో ‘మేము నిశ్చయించుకొని’ అని ఉంది. ఒకరు చూసినదాన్ని జట్టంతా కూర్చుని తేల్చుకున్నారు. ప్రార్థనకు, ప్రవచనానికి, నూనెకు డబ్బు అడిగేవారి దగ్గర మాత్రం ఏ పరీక్షా అక్కరలేదు, లేచి వచ్చేయండి.

ఏడవ అడుగు: మనసులోని సమాధానాన్ని కూడా తూచండి

‘నాకు సమాధానం ఉంది, కాబట్టి ఇది దేవుని చిత్తమే’ అన్న మాట మన సంఘాల్లో తరచుగా వింటాం. ఇందులో కొంత నిజం ఉంది, కాని ఇది ఒక్కటే చాలదు. దేవుని ఆజ్ఞను తప్పించుకుని పారిపోతున్న యోనా తుపానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. తండ్రి చిత్తానికి పూర్తిగా లోబడిన యేసుకు గెత్సేమనేలో చెమట రక్తబిందువుల్లా కారింది. కాబట్టి భయం వేసినంత మాత్రాన ఆ దారి తప్పు అని కాదు, హాయిగా ఉన్నంత మాత్రాన దారి సరైనదనీ కాదు.

నా నోటు పుస్తకం అట్ట లోపల రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఈ నిర్ణయానికి అయ్యే మూల్యం ఎవరు చెల్లిస్తారు, నేనా, నోరు లేని ఇంకొకరా? ఈ పని నేను సంఘంలో లేచి నిలబడి చెప్పగలనా? రెండవదానికి తల దించుకోవలసి వస్తే అక్కడే ఆగిపోతాను.

ఎనిమిదవ అడుగు: ఒక్క పని చేసి, తేదీ వేయండి

ఇంత చేసిన తరువాత కూడా ఆకాశం నుంచి స్వరం రాకపోవచ్చు. తెలిసినంతలో సరైనదని తోచిన మొదటి పని చేయండి. అది వెనక్కి తీసుకోగలిగినది అయితే మరీ మంచిది: భూమి అమ్మే ముందు ఏడాది కౌలుకు ఇచ్చి చూడడం, ఉద్యోగం మానే ముందు సెలవు పెట్టడం వంటివి. పౌలు బితూనియకు వెళ్లడానికి ప్రయత్నించాడు, ఆత్మ వెళ్లనివ్వలేదు, త్రోయకు దిగాడు. అడ్డు తగిలినందుకు ఆయన తన పిలుపునే అనుమానించలేదు. నడుస్తున్నవాడికే మలుపు తెలుస్తుంది.

చేసిన పనిని పేజీలో కుడివైపు రాసి తేదీ వేయండి. నెలకోసారి ఆ పేజీలను తిరగేయండి. నేను మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం తీసుకుని వచ్చాక, మధ్యాహ్నం కూర్చుంటాను. కొన్ని పేజీలలో జవాబు నేను అడిగినట్టే వచ్చింది, కొన్నింటిలో ఇంకోలా వచ్చింది. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీయమని మూడుసార్లు వేడుకున్న పౌలుకు ముల్లు పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న మాట వచ్చింది. అలాంటి పేజీలూ నా పుస్తకంలో ఉన్నాయి. ఒక పేజీలో ఎడమవైపు మా ఇంటి బిడ్డ గురించి రాసుకున్న ఒక్క వాక్యం ఉంది, కుడివైపు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ పేజీ వచ్చినప్పుడు జేజి చెప్పినట్టు దాన్ని రెండుసార్లు, నిదానంగా చదివి, యెహోషాపాతు మాటలే అంటాను: ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు.